అదును, పదును

మేము న్యూజెర్సీలో ఇల్లు కొన్నప్పుడు ఇంటి ముందున్న పచ్చిక కూడా మాదే కదా అని మురిసిపోయాం. మూడో ఏడు తిరిగేసరికి అది కాస్తా బట్టతలలా తయారైంది. రెండేళ్ళు వరుసగా ఏప్రిల్‌లో విత్తనాల సంచులు తెచ్చి చల్లాం. సగం పిట్టలు తిన్నాయి. మొలిచిన సగం జులై ఎండలకు మాడిపోయింది. ఖాళీ జాగాలో క్రాబ్‌గ్రాస్ అనే కలుపు చేరింది.

ఆ వేసవిలో తెనాలి దగ్గర మా ఊరి నుంచి నాన్నగారు వచ్చారు. జీవితమంతా వరి పండించిన మనిషి. మా అవస్థ చూసి, "అక్కడ గడ్డి పీకడానికి కూలి ఇస్తాం. మీరు గడ్డి మొలవడానికి డబ్బు పోస్తున్నారా!" అని కడుపుబ్బ నవ్వారు.

మాకు నవ్వు రాని సంగతి ఇంకొకటి ఉంది. తొమ్మిదేళ్ళ మా అబ్బాయికి తెలుగు అర్థమవుతుంది గానీ, నోరు తెరిస్తే ఇంగ్లీషే. నాన్నగారికి ఇంగ్లీషు రాదు. తాతా మనవడూ ఒకే సోఫాలో కూర్చుని, మాటల్లేకుండా టీవీ చూసేవారు. వాడు మారాం చేస్తున్నాడని ఆ ఏడు తెలుగు బడి మాన్పించేద్దామని కూడా అనుకున్నాం.

ఆగస్టు చివర ఒకరోజు నాన్నగారు స్క్రూడ్రైవర్ తెచ్చి నేలలో గుచ్చారు. దిగలేదు. "ఇది నేల కాదు, రోడ్డు. విత్తనం వేరెక్కడ దించుతుంది? అదును, పదును రెండూ చూసుకోవాలి" అన్నారు. "వాట్ ఈజ్ అదును?" అన్నాడు మావాడు. మేము చెప్పబోతే ఆయన చేత్తో వారించి, వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకున్నారు.

అదును అంటే సరైన కాలం. ఇక్కడ అదునేదో ఊళ్ళో నర్సరీలో అడిగి తెలుసుకున్నాం. మా పచ్చిక చలిప్రాంతపు గడ్డి. వసంతంలో చల్లితే వేరు లోతుకు దిగేలోపే ఎండలు ముదురుతాయి, కలుపూ పోటీకి వస్తుంది. కలుపు మొలవకుండా మందు వేస్తే సాధారణంగా మన విత్తనమూ మొలవదు. అదే ఆగస్టు నడిమి నుంచి సెప్టెంబరు దాకా అయితే నేలలో వేడి ఉంటుంది, గాలి చల్లబడుతుంది. క్రాబ్‌గ్రాస్ తొలి మంచుకు తనంతట తనే చస్తుంది.

సెప్టెంబరు రెండో శనివారం పని మొదలుపెట్టాం. గడ్డి పొట్టిగా కోశాం. ఏరేటర్ అద్దెకు తెచ్చి నేలంతా తిప్పితే రెండేసి అంగుళాల మట్టి బిళ్ళలు పైకి వచ్చాయి. వానకు కరిగేవే కనుక అక్కడే వదిలేశాం. మేము రేక్ అన్నదాన్ని నాన్నగారు దంతె అన్నారు. దానితో గీరి, రై, బ్లూగ్రాస్, ఫెస్క్యూ కలిసిన గింజలు సగం నిలువుగా, సగం అడ్డంగా చల్లాం. పైన పావు అంగుళానికి మించి మట్టి పడనివ్వలేదు.

ఇక పదును, అంటే తగినంత తడి. అది మనవడి బాధ్యత. రోజుకు రెండు మూడు సార్లు కొంచెం కొంచెంగా తడపాలి. నీళ్ళు నిలవకూడదు, పైపొర ఆరకూడదు. "పదునుందా?" అని తాతగారు కేకేస్తే, వాడు మట్టి నలిపి చూసి "ఉంది తాతా" అనేవాడు. నాలుగు రోజుల్లో ఆ ఒక్క మాట నాలుగు మాటలయింది.

వారానికి రై మొలిచింది, పచ్చని దారప్పోగుల్లా. బ్లూగ్రాస్ జాడ లేదు. దానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. అంతలో నాన్నగారి ప్రయాణం వచ్చింది. విమానాశ్రయంలో మనవడి తల నిమిరి, "కొన్ని గింజలు నిదానం. మొలవలేదని నీళ్ళు మానకు" అన్నారు. ఆ మాట మాకు తగిలింది.

అక్టోబరు మొదటి వారంలో వాడే ఫోను తీసుకుని, మా సాయం లేకుండా, "తాతా, ఇంకో మొలక వచ్చింది. చాలా చిన్నగా ఉంది. పదును నేనే చూస్తున్నా" అన్నాడు. అవతల కాసేపు మాట రాలేదు. తర్వాత, "ఆకులు రాలి కప్పేస్తే దానికి ఊపిరాడదు నాన్నా, మెల్లగా ఊడ్చెయ్యి" అని వినబడింది.

తెలుగు బడి మాన్పించలేదు. వాడు ఇప్పటికీ మాట మధ్యలో ఇంగ్లీషులోకి జారిపోతాడు. పచ్చిక కూడా మేపుల్ చెట్టు కింద కాస్త బోసిగానే ఉంది. వచ్చే సెప్టెంబరుకు మళ్ళీ గింజలు తేవాలి.