రాయికి తలంటు

ఏటి ఒడ్డుకు వెళ్లి వట్టి చేతులతో తిరిగొచ్చేవాళ్లు తక్కువ. భద్రాచలంలో గోదావరి స్నానానికి వెళ్లినా, శ్రీకాకుళంలో నాగావళి ఇసుకలో నడిచినా నాలుగు గులకరాళ్లు సంచిలో పడాల్సిందే. ఇంట్లో చేపల తొట్టి ఉంటే ఇక చెప్పక్కర్లేదు. దుకాణంలో దొరికే నీలం, గులాబీ రంగు రాళ్లు ఏటి రాయి ముందు వెలవెలబోతాయి. (పసుపు కుంకుమ పూసిన రాయి జోలికి మాత్రం పోకండి. ఎంత నున్నగా ఉన్నా అది అప్పటికే ఎవరికో దేవుడు.)

చిక్కంతా ఇంటికొచ్చాకే. మన దృష్టిలో శుభ్రమంటే నురగ రావాలి, ఘుమఘుమలాడాలి. అందుకని రాయిని బాత్రూంలో కూర్చోబెట్టి సర్ఫుతో తోమేస్తాం. పైకి ఎంత గట్టిగా కనిపించినా చాలా రాళ్లలో సన్నని బెజ్జాలు, పగుళ్లు ఉంటాయి. సబ్బు వాటిలో ఇంకి, తొట్టిలో మెల్లగా బయటికొస్తుంది. చేప మొప్పలకు అది విషం. రసాయనాలు వద్దని కుంకుడు రసానికి దిగితే మరీ ముప్పు. కుంకుడు నురగకు మూలమైన సాపోనిన్లు నేరుగా మొప్పలనే దెబ్బతీస్తాయి. ఆ జాతి కాయలను నీళ్లలో కలిపి చేపలు పట్టడం పాత పద్ధతే. రాయికి తలంటు అక్కర్లేదు. గట్టి బ్రష్షు, ధారగా మంచినీళ్లు, కాస్త ఓపిక ఉంటే చాలు.

అసలు మురికి కన్నా ముందు చూసుకోవాల్సింది రాయి జాతి. మన ఇళ్లలో పరిచే తాండూరు బండ, బేతంచెర్ల బండ, వంటగట్టు మీది నల్ల కడప రాయి, మూడూ సున్నపురాళ్లే. నిమ్మకాయ పిండుతుంటే గట్టు మీద చుక్క పడి, తుడిచినా పోని తెల్లమచ్చ మిగలడం ప్రతి ఇల్లాలికీ తెలుసు. అక్వేరియం రాయికి చేసే పరీక్ష కూడా అదే. రాయిని మేకుతో గీరి, గీరినచోట నాలుగు వెనిగర్ చుక్కలు వేసి వంగి చూడండి. సున్నపురాయైతే ఆవగింజలో సగం కూడా లేని బుడగలు గీత వెంబడి లేస్తాయి. చెవి దగ్గర పెడితే చిటచిట వినిపిస్తుంది. అలాంటి రాయి నీటి కఠినత్వాన్ని, పీహెచ్‌ని పెంచుతూ పోతుంది. మెత్తటి నీళ్లు కోరే నియాన్ టెట్రాలకు అది పడదు. ఆఫ్రికాలోని మలావీ సరస్సు సిక్లిడ్లకు మాత్రం అలాంటి నీళ్లే కావాలి. గప్పీలు, మోలీలు కూడా సర్దుకుపోతాయి. గవ్వలు, ఆల్చిప్పలూ ఇదే కోవ. గుల్ల సున్నం వాటిని కాల్చి చేసేదే కదా!

బుడగ రాలేదని పూర్తిగా నమ్మడానికీ లేదు. సున్నపురాయి కోవకే చెందిన డోలమైట్ వెనిగర్‌కు ఓ పట్టాన పలకదు. అనుమానముంటే రాయిని బకెట్ నీళ్లలో వారం పది రోజులు నానబెట్టి, పీహెచ్ ముందెంత, తర్వాతెంత అని చూసుకోవాలి. హైదరాబాద్ గుట్టల గ్రానైట్‌తో, పలుగురాయితో ఈ బెడద లేదు. లోహంలా మెరిసే చారలున్నా, తుప్పు రాలుతున్నా వదిలేయడమే మేలు. పచ్చటి మరకలు రాగివి కావచ్చు, రొయ్యలూ నత్తలూ రాగికి తట్టుకోలేవు.

క్రిములు చావాలని రాయిని కుక్కర్లో పెట్టి విజిళ్లు లెక్కపెట్టే ఆలోచన మానుకోండి. పొయ్యి మీద కాల్చడం అంతకంటే ప్రమాదం. లోపల చిక్కుకున్న నీరు ఆవిరై రాయి పగిలి ముక్కలు ఎగరవచ్చు. బకెట్లో పెట్టి కాగిన నీళ్లు పోసి, చల్లారేదాకా వదిలేస్తే సరిపోతుంది. మురికి కాలవ పక్కన దొరికిన రాయిని తేకపోవడమే నయం. తెచ్చారా, వాసన కలపని బ్లీచు ఒక పాలుకి ఇరవై పాళ్లు నీళ్లు కలిపి కాసేపు నానబెట్టి, బాగా కడిగి, క్లోరిన్‌ను విరిచే యాంటీ క్లోరిన్ మందు కలిపిన నీళ్లలో ఉంచి, క్లోరిన్ వాసన బొత్తిగా పోయేదాకా ఎండబెట్టండి. బ్లీచునీ వెనిగర్‌నీ, బ్లీచునీ బాత్రూం యాసిడ్‌నీ ఎన్నడూ కలపకూడదు. వెలువడే క్లోరిన్ వాయువు మనుషులకే ప్రాణాంతకం.

బరువైన రాయిని ముందు తొట్టి అడుగున, పల్చటి ప్లాస్టిక్ పలక మీద కుదురుగా నిలిపి, ఆ తర్వాతే చుట్టూ ఇసుక పోయాలి. ఇసుక మీద నిలిపితే, సిక్లిడ్లు కింద తవ్వి దాన్ని ఒరగదోస్తాయి.

కొన్ని వారాలకు రాయి మీద జిగురు పొర కడుతుంది. చేపల విసర్జనలోని అమ్మోనియాను నైట్రేటుగా మార్చే బాక్టీరియా కాపురముండేది అందులోనే. పండక్కి ఇల్లు కడిగే ఊపులో తొట్టి రాళ్లను కూడా బయటికి తీసి కుళాయి కింద తోమేసేవాళ్లున్నారు. దాంతో ఆ పొర కాస్తా పోతుంది. నాచు మరీ పెరిగితే, తొట్టిలోంచి తోడిన నీళ్లలోనే ఓసారి జాడించి మళ్లీ పెట్టేయండి.