భీమిలి దారి

జూబిలీహిల్సులోని మా యింటినుండి ఫిలింనగరు వఱకే నా కారు నడకయని మావారు పరిహసించుచుందురు. మా అత్తగారు భీమిలిలో పుట్టినవారు. 1978లో వచ్చిన 'మరోచరిత్ర' చిత్రమున ఆ తీరమును చూచినప్పుడెల్ల కంట తడిపెట్టుకొందురు. మొన్న నొకనాఁడు, "అమ్మాయీ, నీ కారులోనే నన్నొక్కసారి తీసికొనిపోరాదా?" యనిరి. ఆ మాటతో ప్రయాణము నిశ్చయించితిని.

విశాఖపట్టణము 600 కిలోమీటర్లకు పైమాట. ఒక్క దినముననే పోవలెనని తొలుత తలఁచితిని. కాని యలసిన చేతులతో, చీఁకటిలో, ముసలిప్రాణమును వెంటనిడుకొని నడుపుట తగదు. కావున విజయవాడ మీఁదుగాఁ బోయి రాజమహేంద్రవరమున బస, మఱునాఁడు విశాఖ, మూఁడవనాటి యుదయమున భీమిలి. నడుమ రాతిలోఁ దొలిచిన నీటితొట్లుగల బౌద్ధక్షేత్రము తొట్లకొండ, పిదప ఎఱ్ఱమట్టి దిబ్బలు.

భీమిలికిఁ బోవునపుడు సముద్రము కుడివైపున నుండును. నా ప్రక్కనున్న యెడమచోటఁ గూర్చుండినచోఁ గొండలే దగ్గఱ. అందుచే పోవునపుడు అత్తగారికి నా వెనుకటి చోటు. తిరుగుదారిని నా ప్రక్కచోటు. ఈ సంగతి వినిపింపఁగా మావారు నవ్వలేదు. లేచిపోయి టైర్లలో గాలి పరీక్షించి వచ్చిరి.