కాలువ చివరి ఎకరం

బాన్సువాడలో ఏ దుకాణం ముందు నిలబడ్డా మాట తిరిగి తిరిగి నీళ్ల దగ్గరికే వస్తుంది. నిజాంసాగర్‌లో నీళ్లెన్ని ఉన్నాయి, కాలువ ఎప్పుడు వదులుతరు, యాసంగికి ఎన్ని తడులిస్తరు? ఎరువుల దుకాణంలోనూ బట్టల షాపులోనూ చాయ్ హోటల్లోనూ ఇదే ముచ్చట. చుట్టూ ఉన్న ఊళ్లలో వడ్లు పండితేనే ఈ బజారులో బాకీలు తీరతాయి, పెళ్లిళ్లకు ముహూర్తాలు కుదురుతాయి. 2018లో పట్టణం మున్సిపాలిటీ అయింది. దాని బతుకు మాత్రం ఇప్పటికీ పొలంలోనే ఉంది.

ఆ పొలాన్ని తడిపింది మంజీర. మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల్లో పుట్టి, బీదర్ మీదుగా వచ్చే ఈ నదికి 1923లో నిజాంసాగర్ ఆనకట్ట పని మొదలుపెట్టి 1931లో పూర్తి చేశారు. ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఆయన పుట్టినరోజు జులై 11ను తెలంగాణ ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకుంటోంది. కాలువ రాకను చూసి కృష్ణా, గోదావరి, గుంటూరు జిల్లాల నుంచి రైతులు వచ్చి భూములు కొన్నారు. వాళ్లు దిగిన చోట్లను జనం ‘క్యాంపు’లన్నారు. నేటికీ ఆ పేర్లే నిలిచాయి. అటువైపు యాస, ఇటువైపు యాస ఒకే మడిలో కలిసి నాట్లేశాయి.

ఒకప్పుడు ఇక్కడ చెరుకు కూడా విరివిగా ఉండేది. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చాక రైతుకు రెండు దారులు దొరికాయి. 2015 చివర్లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. రైతుకు వరి ఒక్కటే మిగిలింది.  ఆ వరితోనే ఇక్కడి రైతుకు ఏడాదిలో రెండుసార్లు, వానాకాలంలోనూ యాసంగిలోనూ, పరీక్ష ఎదురవుతుంది.

ఆ పరీక్షలో చివరి మెట్టు కల్లం. ఏప్రిల్‌లో వడ్లు రోడ్ల పక్కన పొడవునా ఆరుతుంటాయి. తేమ 17 శాతం దాటితే కాంటా పెట్టరు. అందుకే ఆడా మగా ఎండలో కాళ్లతో వడ్లు కలబెడుతుంటారు. సాయంత్రం మబ్బు పడితే టార్పాలిన్ల కోసం పరుగులు. సంచి నిండి, హమాలీ భుజానికెక్కి, లారీ కదిలి, ఖాతాలో పైసలు పడేదాకా ఇంట్లో ఎవరికీ తిండి సయించదు. ఆ కల్లం దగ్గర నిలబడి చూడనివాడికి అన్నం మెతుకు విలువ తెలియదనే నేనంటాను.

ఈ కష్టం మొత్తానికీ ఆధారమైన జలాశయం మునుపటిలా లేదు. దాదాపు 29 టీఎంసీలకు కట్టిన నిజాంసాగర్ పూడికతో 17 టీఎంసీల చిల్లరకు తగ్గింది. పైన సింగూరు ప్రాజెక్టు వచ్చాక హైదరాబాద్ దాహం మంజీర మీద మరింత పడింది. నగరానికి తాగునీరు ఇవ్వాల్సిందే, అందులో వాదం లేదు. ఆ నీళ్లలో పొలం వాటా కూడా ఉందని నగరం మరవకూడదనేది మాత్రం రైతు న్యాయమైన కోరిక.

కాలువ నీళ్లు ముందు మొదటి తూము కింది మడులకు, ఆఖరున చివరి మడులకు అందుతాయి. కరువు ఏడాది పైవాడు రెండు తడులు ఎక్కువ పెట్టుకుంటే కిందివాడి పొట్ట దశలో ఉన్న పైరు ఎండుతుంది. కాబట్టి పూడిక తీయించడం, కాలువ గట్లు బాగుచేయడం, వంతుల వారీగా నీళ్లు వదలడం ప్రభుత్వం బాధ్యత. వంతు తప్పకపోవడం, వరి పక్కన పెసరకో నువ్వులకో కొంత చోటివ్వడం రైతుల బాధ్యత. బాన్సువాడ బాగుందా అని నన్నెవరైనా అడిగితే కొత్త మేడలు చూపించను. కాలువ చివరి ఎకరం తడిసిందా అని ఆ రైతునే అడగమంటాను. ఆ ఎకరం పండిన ఏడాది ఈ ఊరు బాగున్నట్టే.