మందుకు మితం

మా శ్రీమతి తొలిచూలు మూడవ మాసంలో వేవిళ్ళతో మంచినీళ్ళను సైతం ఇముడ్చుకోలేకపోయింది. వైద్యురాలు పిరిడాక్సిన్, అనగా విటమిన్ బి6, 25 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు మూడు మారులు వాడమన్నారు. ఆతురతతో మేము మోతాదును రెట్టింపు చేయబోయాము. విటమినే గదా, అధికమైనది మూత్రంలో పోతుందని మా భ్రమ! "ముందు డాక్టరమ్మను అడుగు బేటా" అని అమ్మీజాన్ వారించారు.

డాక్టరమ్మ సమాధానం విని సిగ్గుపడ్డాము. రోజుకు 2 మొదలు 6 గ్రాముల వరకు సేవించిన ఏడుగురికి నరాలు దెబ్బతిని నడక తడబడిందని అమెరికా వైద్యులు 1983లోనే ప్రకటించారట. అంతకంటే చాలా తక్కువైనా, దీర్ఘకాలం వాడితే పాదాలు తిమ్మిరెక్కవచ్చునట.

చెప్పిన మోతాదుతోనే వారం దినాలలో వికారం ఉపశమించింది. వాంతులాగక మూత్రం తగ్గితే మాత్రం ఆసుపత్రికే పోవాలి. విద్యార్థులారా, ఆప్యాయతకు కొలత అక్కరలేదు, ఔషధానికి కావాలి.