జారేది కాలేనా?

‘కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం’ అంటారు. ఈ సామెత కట్టినవాళ్ళు ఎప్పుడూ బందోబస్తు డ్యూటీ చేసి ఉండరు. మా నాన్న హెడ్ కానిస్టేబుల్‌గా ఉన్నప్పుడు, నిమజ్జనం రాత్రి చెరువు మెట్ల మీద కాలు జారి చీలమండ లిగమెంట్ తెగింది. రిటైరై ఏళ్ళు గడిచాయి. ఆ కాలిని ఆయన పూర్తిగా తీసుకోలేకపోయారు.

ఆ రాత్రి ఆయన రోప్ పార్టీలో ఉన్నారు. తాడు పట్టుకుని, కళ్ళు జనం మీద పెట్టి, వెనక్కి వెనక్కి నడవాలి. మెట్ల మీద నీళ్ళు, బురద, గులాల్, పూలు, కొబ్బరి చిప్పలు. లైట్లన్నీ విగ్రహం వైపు. పొద్దుట్నించీ నిలబడి వాచిన పాదాలు.

చూడ్డానికి వచ్చినవాళ్ళందరిదీ ఒకటే మాట: “చూసుకుని నడవొద్దా?” మన భాషలో ఎప్పుడూ జారేది కాలే. నేల సంగతి ఆ వాక్యంలో ఉండదు.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, 32వ సెక్షన్‌లో, ఆ నేల సంగతి పట్టించుకుంది. మెట్ల మీద, నడిచే దారుల్లో మనుషులు జారిపడేలా చేసే పదార్థాలేవీ లేకుండా చూడాలంది. అంటే బాధ్యత నేలను చూసుకోవాల్సినవాళ్ళది. కానీ చెరువుగట్టు ఫ్యాక్టరీ కాదు కదా.

సెలవు చీటీలో నాన్న ‘ఇంట్లో జారిపడ్డాను’ అని రాశారు. “డ్యూటీలో అని రాస్తే రిపోర్టులు, సంజాయిషీలు. ఎందుకమ్మా, వదిలెయ్” అన్నారు. అలా ఆ మెట్లు ఏ కాగితంలోకీ ఎక్కలేదు. మరుసటి ఏడు అక్కడే ఇంకో కానిస్టేబుల్ పడ్డాడు.

చిన్నప్పుడు ఆ బూట్లకి పాలిష్ పట్టడం నా పని. పాత బనీను గుడ్డతో, ముఖం కనిపించేదాకా రుద్దేదాన్ని. పరేడ్‌లో చూసేది ఆ మెరుపునే. సోలు చూపించమని తన సర్వీసులో ఎవరూ అడగలేదంటారు నాన్న. నడకలో ముందుగా నేలకి ఆనేది మడమ అంచు. నేల తడిగా ఉంటే, ఆ క్షణంలో సోలుకీ నేలకీ మధ్య పల్చటి నీటి పొర చిక్కుకుంటుంది. సోలు మీది గాట్లలోంచి ఆ నీళ్ళు పక్కకి పోతేనే పట్టు. గాట్లు అరిగిపోతే నీళ్ళకి దారి లేదు, కాలికి ఆసరా లేదు. అరిగిన టైర్లతో జీపు తియ్యడానికి డ్రైవరు ఒప్పుకోడు. అరిగిన సోలుతో మనిషిని మాత్రం పంపిస్తాం.

చెయ్యాల్సినవి పెద్ద పనులేం కావు. జనం రాకముందే ఎవరో ఒకరు మెట్లన్నీ దిగి చూడటం. బురదున్నచోట ఇసుక చల్లడం, ఒక లైటు కిందికి తిప్పడం. వెనక్కి నడిచేవాళ్ళకి దారి చెప్పడానికి ఒక మనిషిని పెట్టడం. వానలో తడిసిన బూటు ఆరడానికి రెండో జత ఇవ్వడం. బూట్ల కొలత సాయంత్రం, పాదం కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, తీసుకోవడం. గంటల తరబడి నిలబడేవాళ్ళకి వంతులవారీగా కాసేపు కూర్చునే వీలు కల్పించడం. డ్యూటీలో పడితే డ్యూటీలో పడ్డానని భయపడకుండా రాయగలగడం.

అవన్నీ మెల్లగా చేసినా, ఒకటి మాత్రం రేపటి పరేడ్‌లోనే మొదలుపెట్టొచ్చు. మెరుపు చూడటం అయ్యాక, బూటు తిరగేసి చూపించమనడం.