రేడియో మాట, తల్లి మనసు

నా చిన్నతనమున పరిగి చెరువుకట్టపై నడచునపుడు మా అవ్వ యుద్ధకాలపు సంగతులు చెప్పెడిది. ఆమె తమ్ముడు సైన్యమున చేరి మలయాకు పోయెను. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు జపానువారి వశమైన పిదప అతని ఉత్తరములు నిలిచిపోయినవి. ఊరిలో ఒక యింటనున్న రేడియో చుట్టు జనులు మూగెడివారట. “సర్కారు రేడియో అంతా బాగున్నదనె, అవతలి రేడియో అంతా గెలిచినామనె. బిడ్డ ఉన్నాడా అని మా యమ్మ అడిగినదానికి మాత్రము ఎవరును బదులు చెప్పలేదు తల్లీ!” అనెడిది అవ్వ.

ఆ యేటనే మరియొక తల్లికిని ఇట్టి పరీక్ష వచ్చినది. మార్చి చివర సుభాసు చంద్రబోసు విమానప్రమాదమున మరణించెనని బ్రిటిషు వార్తలు చాటినవి. గాంధీమహాత్ముడు ఆయన తల్లి ప్రభావతీదేవికి సంతాపసందేశము పంపెను. కొలది దినములలోనే బోసు బెర్లినులోని ఆజాద్ హింద్ రేడియోలో ప్రసంగించి తాను బ్రతికియున్నానని తెలిపెను. అసత్యమును రేడియోయే రూపుమాపినది! మన హైదరాబాదు వాడైన ఆబిద్ హసన్ అపుడు బెర్లినులో బోసునకు కుడిభుజముగా నుండెను.

అయినను ఆ రేడియోకు చోటిచ్చినది హిట్లరు ప్రభుత్వము. ఆ గడ్డపై యూదులకు జరుగుచున్న ఘోరమును అది చెప్పదు. భారతీయులకై బి.బి.సి. చేసిన ప్రసారములును ఏలికల మేలు కోరినవే. చెప్పిన మాటకంటె చెప్పక దాచిన మాటయే ఒక్కొక్కప్పుడు పెద్ద అబద్ధము.

ఈ రెంటి నడుమ బొంబాయిలో 22 ఏండ్ల ఉషా మెహతా తోడివారితో గూడి 1942 ఆగస్టు 27న రహస్యముగా కాంగ్రెసు రేడియో నడపనారంభించెను. పోలీసుల కంటబడకుండ ఇల్లు మార్చుచు, జంషెడ్‌పూరు సమ్మె, చిమూరులో జరిగిన దౌర్జన్యములు మున్నగు, పత్రికలు ప్రకటింప వెనుదీసిన వార్తలను వినిపించిరి. నవంబరు 12న ఆమె పట్టుబడెను. నాలుగేండ్ల శిక్ష పడినది, 1946లో విడుదలయ్యెను. ఆమె మాటకు విలువ తెచ్చినది గొంతు కాదు, దానికై ఆమె చెల్లించిన మూల్యము.

మా అవ్వ తమ్ముడు యుద్ధము ముగిసిన పిదప ఇల్లు చేరెను. అప్పటికి అతని తల్లి లేదు.

సోదరీమణులారా! నేడు వార్తలు మన అరచేతిలోనికే వచ్చుచున్నవి. బియ్యమునందు రాళ్లేరు మనము మాటయందును ఏరవలదా? చెప్పువాడెవడు, ఎవరి మేలునకు చెప్పుచున్నాడు, ఏది దాచుచున్నాడు, ఈ మూడును విచారించిన పిమ్మటనే పొరుగింటికి చేరవేయుదము.