విప్పుట, బిగించుట

యంత్రాన్ని విప్పడం చిన్నపిల్లవానికి కూడ చేతనవును. విప్పినదానిని అదే వరుసలో తిరిగి కూర్చి, మునుపటికంటె చక్కగా నడిచేటట్లు చేయడంలోనే విద్య ఉన్నది. ఈ సత్యాన్ని బోధించడానికి మోటారు సైకిలు కార్బరేటరును మించిన గురువు లేదని నా నమ్మకం.

మోటారు సైకిలుకు పెట్రోలే ఆహారమని అందరమూ అంటాము. కాని ఇంజను ద్రవరూపంలో ఉన్న పెట్రోలును జీర్ణించుకొనలేదు. బరువులో సుమారు 15 పాళ్ల గాలికి ఒక పాలు చొప్పున పెట్రోలు సన్నని తుంపరగా కలిసినప్పుడే అది సరిగా మండుతుంది. ఆ కలిపే పని పిడికెడంత ఉండే కార్బరేటరుది. దాని గొట్టం నడుమ ఇరుకవుతుంది. ఇరుకులో గాలి వేగం హెచ్చుతుంది; వేగం హెచ్చినచోట పీడనం తగ్గుతుంది. అప్పుడు అడుగు గిన్నెలోని పెట్రోలు జెట్టు అనే సన్నని ఇత్తడి రంధ్రం గుండా పైకెగసి గాలిలో కలిసిపోతుంది. డేనియల్ బెర్నౌలీ 1738లో ప్రకటించిన గ్రంథంలోని సూత్రానికి ఇంతకంటె చక్కని ఉదాహరణ దొరకదు.

ఆ గిన్నెలో ఫ్లోటు అనే చిన్న తేలుడు ఉంటుంది. పెట్రోలు నిండగానే అది పైకి లేచి, సూదిమొన కవాటంతో దారి మూసివేస్తుంది. ఈ ఊహ నిన్న మొన్నటిది కాదు. 9వ శతాబ్దపు బాగ్దాదులో బనూ మూసా సోదరులు ముగ్గురు 'కితాబుల్ హియల్' అనే గ్రంథంలో తేలుడులతోను, శంకువు ఆకారపు కవాటాలతోను పనిచేసే యంత్రాలను వర్ణించి ఉన్నారు. మన వాకిట నిలిచిన బండిలో ఇంతటి చరిత్ర దాగి ఉన్నదని ఎందరికి తెలుసు?

నాకీ విషయాలలో మొదటి సగం పుస్తకం చెప్పింది; రెండవ సగం అవసరం నేర్పింది. మా అబ్బాజాన్ గాజుల వ్యాపారి. లాడ్ బజారులో సరుకు తీసుకొని, 100 సి.సి. బండికి వెనుక రెండు పెట్టెలు కట్టుకొని, వారం వారం పల్లె అంగళ్లకు తిరిగేవారు. 2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. అంగళ్లు మూతపడ్డాయి. బండి నెలల తరబడి కదలకుండా నిలిచిపోయింది. తిరిగి అంగళ్లు సాగేనాటికి అది చోక్ వేస్తేనే పలికేది, చోక్ తీయగానే ఆగిపోయేది. ఒక షాపులో చూపిస్తే కార్బరేటరు మొత్తం మార్చవలసిందేనన్నారు. అప్పటికే ఇల్లు చేబదుళ్లపై నడుస్తున్నది. అమ్మీ ఏమీ మాట్లాడకుండా నగల పెట్టె తాళంచెవి తీసింది. అప్పుడు మా మామూజాన్, "ముందు విప్పి చూద్దాం" అన్నారు. ఆయన ఐదో తరగతితో చదువు మాని, ఇరవై ఏండ్లు వర్క్‌షాపులలో పనిచేసినవారు. నేను అప్పుడు బి.ఎస్సీ. మొదటి సంవత్సరం విద్యార్థిని.

మామూజాన్ మొదట చేసిన పని పానా పట్టుకొనడం కాదు. వంటయింటి పొయ్యికి దూరంగా, గాలి ఆడే వరండాలో తెల్లని గుడ్డ పరిపించారు. పెట్రోలు ఆవిరికి నిప్పురవ్వ చాలునని హెచ్చరించారు. తరువాత ట్యాంకు కుళాయి కట్టివేసి, గిన్నెలోని పెట్రోలును సీసాలోకి వదిలి, పైపు ఊడదీసి, గాలి డబ్బావైపు క్లిప్పు వదులు చేసి, పైమూత తిప్పి ఎక్సిలేటరు తీగతోపాటు లోపలి పిస్టనును సూదితో సహా నిదానంగా పైకి లాగారు. ఆపైన ఇంజనువైపు రెండు బోల్టులు విప్పితే కార్బరేటరు చేతిలోకి వచ్చింది. విప్పిన ప్రతి వస్తువును గుడ్డమీద ఎడమనుండి కుడికి వరుసగా పేర్చాము. నా చేయి తొందరపడబోతే ఆయన, "జల్దీ నక్కో కరో బేటా" అన్నారు.

గాలి స్క్రూను తీసే ముందు, దానిని మెల్లగా లోపలికి తిప్పి, ఎన్ని చుట్లకు ఆగిందో కాగితంమీద రాయించారు. ఆ సంఖ్యే తిరిగి బిగించేనాటికి దారి చూపుతుంది.

గిన్నె విప్పగానే రోగం బయటపడింది. నిలువ ఉన్న పెట్రోలులోని తేలిక భాగం ఆవిరై, మిగిలినది జిగురై అడుగున పేరుకొన్నది. స్లోలో బండిని నడిపే చిన్న జెట్టును వెలుతురుకు ఎత్తి చూస్తే చుక్కంత వెలుగైనా కనిపించలేదు. ఇనుపతీగతో పొడిస్తే ఇత్తడి అరిగి రంధ్రం పెద్దదవుతుంది. ఆపైన బండి జీవితాంతం పెట్రోలు ఎక్కువగా తాగుతుంది. కనుక జెట్టును రాత్రంతా శుభ్రపరచే మందులో నానబెట్టి, తెల్లవారి సైకిలు పంపుతో గాలి కొట్టాము. మూడవసారికి చుక్క వెలుగు కనబడింది.

ఆ సమయంలో నేను, పెట్రోలును గాలి లాగదు మామూజాన్, గిన్నెపై ఉన్న వాతావరణం దానిని పైకి నెడుతుందని చెప్పాను. ఆయన కొంతసేపు ఆలోచించి, "అయితే గిన్నె గాలిరంధ్రం మూసుకొంటే బండి ఆగిపోయేది అందుకేనన్నమాట" అన్నారు. ఎన్నో బండ్లకు ఆ రంధ్రం శుభ్రం చేసిన ఆయనకు కారణం ఆనాడు తెలిసింది. అలాంటి రంధ్రం ఒకటుందని నాకు తెలిసిందీ ఆనాడే. సూత్రం నా దగ్గర, రంధ్రం ఆయన దగ్గర ఉండిపోయాయి. రెండూ కలిస్తేగాని విద్య పూర్తి కాలేదు.

బిగించడంలో ఓర్పు మరింత కావాలి. రెండు బోల్టులను మార్చి మార్చి కొద్దికొద్దిగా బిగించాలి; ఒకేవైపు బిగిస్తే అంచు వంగుతుంది. నడుమనున్న రబ్బరు వలయం చితికి ఉంటే దొంగగాలి చొరబడి ఇంజను నిలకడ తప్పుతుంది. పిస్టను పక్కనున్న గాడి లోపలి మేకుకు సరిపడేటట్లు దించాలి. ఇంజను మొదలుపెట్టకముందే ఎక్సిలేటరు తిప్పి వదిలితే పిస్టను టక్కున కిందికి పడాలి. పడకపోతే బండి అదుపు తప్పుతుంది, ప్రాణానికే ముప్పు. అన్నీ సరిచూచుకొని కుళాయి విప్పి, ఎక్కడా కారడం లేదని నిర్ధారించుకొన్న తరువాతనే కిక్కు కొట్టాము. ఆ వారమే అబ్బాజాన్ అంగడికి వెళ్లారు. తాళంచెవి యథాస్థానానికి చేరింది.

2020 ఏప్రిల్ 1 నుండి దేశంలో బి.ఎస్. 6 ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. కొత్త మోటారు సైకిళ్లలో దాదాపు అన్నిటా కార్బరేటరు స్థానాన్ని ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ ఆక్రమించింది. పొగ తగ్గినందుకు సంతోషించవలసిందే. అయినా పాత బండ్లు ఇంకా ఎందరో చిరువ్యాపారులకు కూడు పెడుతున్నవి. వాటి మర్మం తెలిసిన ఉస్తాదులు మన వీధులలోనే ఉన్నారు. వారి విద్య ఏ గ్రంథంలోను వ్రాయబడలేదు.

కనుక కళాశాల కమిటీ పెద్దలకు నాదొక విన్నపం. సంవత్సరానికి ఒక్కనాడైనా అట్టి ఉస్తాదును మన భౌతికశాస్త్ర ప్రయోగశాలకు గౌరవంగా ఆహ్వానించండి. ఒక పాత కార్బరేటరును బల్లమీద పెట్టండి. మిత్రులారా! ఇల్మ్ వేరు, హునర్ వేరు అని మనము గీచుకొన్న గీత ఆ బల్లమీదనే చెరిగిపోవుగాక.